కంచం అంచున కరివేపాకు

ఒకప్పుడు కరివేపాకుకి వాసనే లేదు. ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నా గడ్డి నలిపినట్టే ఉండేది. వాసనలు పంచిపెట్టిన రోజున మల్లె ముందే పరిగెత్తి పువ్వు నిండా నింపుకుంది. నిమ్మ తొక్కలో దాచుకుంది. తులసి, అల్లం, మామిడిపూత తలా ఇంత పట్టుకుపోయాయి. మన కరివేపాకు ఒట్టి మొహమాటస్తురాలు. వెనకే నుంచుని నుంచుని, తన వంతు వచ్చేసరికి ఖాళీ బుట్ట చూసి తిరిగొచ్చింది.

అలాంటి మొక్కని ఎవరు పెంచుతారు? పైడమ్మ పెంచింది. కాపురానికి వస్తూ పుట్టింటి పెరట్లోంచి వేరుతో సహా తెచ్చుకుంది. చిల్లుపడ్డ నీళ్ళకుండలో మట్టి పోసి నాటి, వంటింటి గుమ్మం పక్కన పెట్టింది. పుట్టింటిది అని చెప్పుకోవడానికి ఆ ఊళ్ళో ఆమెకి ఇంకేమీ లేదు.

కొన్నాళ్ళకి మొక్క పాలిపోయింది. ఆకులు పసుప్పచ్చబడి రాలసాగాయి.

పైడమ్మ మొగుడు అప్పలసూరి దాన్ని చూసి పెదవి విరిచాడు. "ఇది బతికీలా నేదే. అమాస దాకా సూత్తాను. ఆనక పీకేసి మల్లంటు పెడతాను. పువ్వులైనా పూత్తాది" అన్నాడు. చెడ్డవాడేం కాదు. వాసన లేని మొక్క ఆయన కంటికి ఆనదు, అంతే.

మొక్క ఎందుకిలా అయిపోతోందని పైడమ్మ ఎండని అడిగింది. "అందరికీ ఇచ్చినంతే ఇస్తున్నానమ్మా" అంది ఎండ. వానని అడిగింది. వానా అదే మాట చెప్పింది. చివరికి మొక్క దగ్గరే కూర్చుని, "నీకేటి కావాలే తల్లీ?" అంది.

"ఆకలేస్తోందమ్మా" అంది మొక్క నీరసంగా. "నేల మీది చెట్లు వేళ్ళు చాపుకుని ఎంత దూరమైనా వెళ్ళి తింటాయి. నాకు ఈ కుండే ఊరు. ఇందులో ఉన్నదంతా ఎప్పుడో తినేశాను."

ఆ మాట విన్నాక పైడమ్మ ఊరుకుంటుందా? పుట్టింటి చుట్టం వచ్చినట్టే వడ్డించింది. వేడివేడి అన్నం, ఉప్పూ కారం దట్టించిన గోంగూర, పైన పొగలు కక్కే గంజి. పాపం, మొక్క ఉన్న నాలుగాకులూ వాల్చేసింది. "వేళ్ళు మండుతున్నాయమ్మా" అని ఏడ్చింది.

పైడమ్మకీ ఏడుపొచ్చింది. గబగబా అదంతా ఎత్తేసి, చల్లటి నీళ్ళు పోసింది. ఎత్తినదాన్ని గోడ అవతల చెత్తకుప్పలో పడేయబోతే, కుప్ప మీద గుమ్మడిపాదు కనబడింది. దాన్ని ఎవరూ నాటలేదు. ఎవరూ నీళ్ళు పోయలేదు. ఆకులు మాత్రం చేటలంత ఉన్నాయి.

"నువ్వేటి తింతన్నావే?" అని అడిగింది పైడమ్మ.

"నువ్వు పారేసినవే. కూరల తొక్కలు, ఉల్లిపొట్టు, అరటితొక్కలు. బియ్యం కడుగూ పులిసిన మజ్జిగా కూడా ఈ గోడ మీంచేగా పోస్తావు? మాకు పళ్ళు లేవమ్మా. వేడివీ ఉప్పేసినవీ పడవు. పచ్చి తొక్కలు మట్టిలో కప్పెడితే చాలు, మట్టే మెత్తగా నమిలి పెడుతుంది."

పైడమ్మ నొచ్చుకుంది. "మా పుట్టింటి పిల్లకి మిగిలిపోయినవి పెట్టీదా?"

గుమ్మడి నవ్వింది. "మిగిలింది నీకు. మాకు అదే పండగ భోజనం. పెట్టి చూడు."

పెట్టి చూసింది. తొక్కలు చిన్నచిన్నగా తరిగి కుండ అంచు వెంబడి కప్పింది. పొద్దున బియ్యం కడుగు, అప్పుడప్పుడూ మజ్జిగలో నీళ్ళు కలిపి పోసింది. మొక్క ఒక చిగురు వేసింది. ఆ వెనకే ఇంకోటి.

ఉల్లిపొట్టులో కాస్త వాసన మిగిలే ఉంది. అరటితొక్కలో కాస్త, మజ్జిగలో కాస్త. ఖాళీ బుట్ట చూసొచ్చిన మొక్క కదా, దేన్నీ వదల్లేదు. అన్నీ కలిపి ఆకుల్లో దాచుకుంది.

అమావాస్య వచ్చింది. అన్న మాట ప్రకారం అప్పలసూరి వంగి మొక్క మొదలు పట్టుకున్నాడు. చేతికి ఆకులు రాసుకున్నాయి. అక్కడే ఆగిపోయాడు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏటే ఇది? ఆకలేసే వాసనొత్తంది."

పైడమ్మ ఒక రెమ్మ తుంచి పప్పు పోపులో వేసింది. అది చిటపటలాడేసరికి వీధి చివరిదాకా వాసన వెళ్ళింది. అప్పలసూరి మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. మొక్కని పీకే మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ పంటికి తగిలిన ఆకులన్నీ ఏరి కంచం అంచున పెట్టి లేచిపోయాడు.

పైడమ్మ మనసు చివుక్కుమంది. ఆ ఆకులు పట్టుకుని కుండ దగ్గరకి వెళ్ళింది. "నీ వాసనంతా తీసుకుని, నిన్ను పక్కన పెట్టేసినారే తల్లీ" అంది.

"పెట్టనీ అమ్మా" అంది మొక్క. "మింగేస్తే నేనెలా తిరిగొస్తాను? ఉప్పు పోయేలా కడిగి ఇక్కడ కప్పెట్టు. మళ్ళీ చిగురునై వస్తాను."

పైడమ్మ అలాగే చేసింది. కప్పెట్టిన పక్కనే కొత్త పిలక లేచింది.

అప్పటినుంచే కరివేపాకుకి ఆకు నిండా వాసన. అప్పటినుంచే ఇంత పులిసిన మజ్జిగ పోస్తే దానికి ప్రాణం లేచొస్తుంది. కంచం అంచున కూర్చోవడమూ అప్పటినుంచే. అలిగి కూర్చుందనుకునేరు. తన పుట్టింటి మట్టిలోకి ఎవరు తీసుకెళ్తారా అని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.