పొద్దు వెంట పగలున్నర

ఆ రోజు ఆశ్వయుజ బహుళ విదియ, గురువారం. తెల్లవారుజామున సన్నటి జల్లు పడి, పొద్దు పొడిచేసరికి ఆకాశం తోమిన కంచంలా మెరుస్తోంది. అప్పట్లో మణిచంద్రపురాన్ని ఏలే రాజు సుధన్వుడు. ఆయనకి ఒక్కగానొక్క కూతురు ఇందుమాల, ముగ్గురు మేనల్లుళ్ళు.

సరిగ్గా ఆ వేళకి ఘోరజిహ్వుడనే మాంత్రికుడు కొలువులోకి వచ్చి, "నీ కూతుర్ని నాకిచ్చి పెళ్ళి చెయ్యి," అన్నాడు.

ఇందుమాల ఫక్కున నవ్వింది. "తాతా, ముందు ఆ గడ్డం చిక్కు తీసుకో!"

మాంత్రికుడి కళ్ళు ఎర్రబడ్డాయి. "నవ్వుకో. ఇవాళ నీ కళ్ళ ముందు పొద్దు గుంకగానే రాయైపోతావు. నా ప్రాణం ఏడు సముద్రాల అవతల, పడమటి నీలగోపురంలో, చిలకలో ఉంది. దాన్ని చంపితే శాపం పోతుంది. ఏడుతలల నాగు కాపలా. పక్షి రెక్కకైనా పగలున్నర దూరం. మీకున్నది ఒక్క పగలు. వెళ్ళండి చూద్దాం!"

రహస్యం అలా బయటపెట్టేశాడంటే, ఆ దూరం మీద వాడికంత ధీమా.

పెద్ద మేనల్లుడు చిత్రధ్వజుడు వేళ్ళు మడిచి లెక్క వేశాడు. "పగలున్నర దూరం ఒక్క పగట్లో పోలేం మామయ్యా," అని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. రెండోవాడు శంఖధ్వజుడు గుర్రమెక్కి సముద్రం దాకా పోయి, దాటే దారిలేక అక్కడే కూలబడ్డాడు. మూడోవాడు మేఘధ్వజుడికి మరదలంటే ప్రాణం. వాడు కొండ మీది గండభేరుండం దగ్గరికి పరిగెత్తాడు.

గండభేరుండానికి రెండు తలలు. ఒకటి ముందుకి చూస్తుంది, ఒకటి వెనక్కి. రెంటికీ క్షణం పడదు. పొట్ట ఒకటే అయినా, ఎవరు ముందు తిన్నారని రోజూ తగువే. సరే, అదొక పెద్ద కథ.

"పగలున్నర. కుదరదు, పో," అంది ముందు తల.

"నీ మొహం!" అంది వెనక తల. "ఏటా వలస పోతూ చూడటం లేదూ? తూర్పుకి ఎగిరితే చీకటి ఎదురొచ్చి మీద పడుతుంది. పడమటికి ఎగిరితే పొద్దు మనతోనే వస్తుంది, ఎంతకీ గుంకదు."

మేఘధ్వజుడికి 'నీ కళ్ళ ముందు' అన్న మాంత్రికుడి మాట గుర్తొచ్చింది. ఇందుమాల ఇక్కడే ఉంటే ఇక్కడి పొద్దే ఆమె కళ్ళ ముందు గుంకుతుంది. వెంట వస్తే?

పక్షితో కోటకి వచ్చి, "మామయ్యా, ఇందుని నాతో పంపించు," అన్నాడు.

"ఆకాశంలోకా? పడిపోతేనో?" అన్నాడు రాజు.

"ఇక్కడుంటే రాయేగా నాన్నా," అంటూ ఇందుమాల కొంగు బిగించి పక్షి ఎక్కింది.

ఎగిరారు. ఒక సముద్రం, రెండు సముద్రాలు, మూడు సముద్రాలు. "వెనక చీకటి లేచింది!" అని వెనక తల అరిచింది. "ముందు ఇంకా ఎండే!" అంది ముందు తల. నాలుగు, ఐదు, ఆరు. పొద్దు వాలుతోంది, కానీ దిగనంటోంది. ఏడో సముద్రం మీద దాని అంచు నీళ్ళని తాకింది.

"బావా, నా పాదాలు!"

పాదాలు రాయైపోయాయి. ఆ బరువుకి పక్షి కిందికి జారింది. అలలు రెక్కల్ని తడిపాయి. మేఘధ్వజుడు కిరీటం విసిరేశాడు, కవచం విసిరేశాడు, చివరికి కత్తీ విసిరేశాడు. పక్షి లేచింది. రాయి ఆమె మోకాళ్ళు దాటింది.

ఎదురుగా నీలగోపురం. కిటికీలో పంజరం. లోపల ఏడుతలల నాగు ఉంటుంది, చేతిలో చూస్తే కత్తి లేదు. అయినా లోపలికి దూకాడు.

నాగు లేదు!

చిలక అదిరిపడింది. "ఆ పిల్ల ఇంకా రాయి కాలేదా? మణిచంద్రపురంలో చీకటి పడిందనే కదా, పనైపోయిందని మా దొర నాగుని పిలిపించుకున్నాడు!"

"ఇక్కడింకా పడలేదు," అంటూ మేఘధ్వజుడు దాని మెడ నులిమేశాడు.

అక్కడ మాంత్రికుడు నవ్వుతూ నవ్వుతూనే కుప్పకూలాడు. ఇక్కడ ఇందుమాల కాళ్ళు కదిపి, "అబ్బ, తిమ్మిరి!" అంది. ఆ తర్వాత పొద్దు గుంకింది.

ఇద్దరికీ వైభవంగా పెళ్ళయింది. సుధన్వుడు ముసలివాడయ్యాక రాజ్యం కూతురికీ అల్లుడికీ ఇచ్చాడు. వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. సముద్రం దాకా అయినా పోయినందుకు శంఖధ్వజుడికి రేవుపట్నం దక్కింది. గండభేరుండానికి కొండంతా రాసిచ్చారు. తలలు రెండూ చెరి సగం పంచుకున్నాయి. చిత్రధ్వజుడికి మాత్రం ఏమీ రాలేదు.

"నా లెక్కలో తప్పేముంది మామయ్యా?" అని అడిగాడు.

"తప్పేమీ లేదు నాయనా," అన్నాడు రాజు. "పడుకో."