ధారపోసిన చెమట

అనకాపల్లి బెల్లం మార్కెట్లో, తన వీపు తాను గోక్కోవడానికి కూడా మనిషిని కేకేసే బద్ధకస్తుడొకడు ఉండేవాడు, పేరు నూకరాజు. అతని కొట్లో బెల్లం దిమ్మలు మోసేది కళాసీలు, లెక్కలు చూసేది గుమస్తా, దేవుడికి దణ్ణం పెట్టేది భార్య చినతల్లి. అతను స్వయంగా చేసే పని తినడం ఒక్కటే. అందులో మాత్రం ఎవరి సాయమూ అడిగేవాడు కాదు. నాణ్యం చూసే వంకతో దిమ్మకో ముక్క, ఇంటికొస్తే పూర్ణాలు, పడుకోబోయే ముందు పాకం గవ్వలు. ఆనపకాయంత పొట్ట చూస్తూండగానే గుమ్మడికాయంత అయింది.

చినతల్లికి అతనితో రోజూ ఒకటే తగువు. ఆమె వాకిట్లో పేడ కళ్లాపి జల్లి ముగ్గు పెట్టేది. అది ఆరకముందే అతను తొక్కుకుంటూ కొట్టుకి పోయేవాడు. చిన్నప్పుడు దిమ్మ పడి అతని ఎడమకాలి చిటికెనవేలు వంకర తిరిగింది. ఆ వంకరవేలి ముద్ర ముగ్గు నడిమధ్యన పడేది. "ఎవరు తొక్కారో అడగక్కర్లేదు, సంతకం పెట్టి మరీ పోతారు" అని ఆమె సణిగేది.

ఒకరోజు కొట్టు మెట్లెక్కుతూ నూకరాజు ఆయాసంతో గోడ పట్టుకున్నాడు. డాక్టరు గుండె చూశాడు.

"మీ నాన్నగారు ఏ వయసులో పోయారు?" అన్నాడు.

"నలభై తొమ్మిదిలో."

"మీకిప్పుడు?"

"నలభై ఎనిమిది" అన్నాడు నూకరాజు, గొంతు తగ్గించి.

"అయితే వినండి. పొద్దున్నే ఊరి పక్క కొండ మెట్లెక్కి దిగాలి. రాగిజావ, అదే చోడి అంబలి, ఆనపకాయ కూర, పల్చటి మజ్జిగ, అంతే. బెల్లం ముట్టుకోవడం అమ్మడానికే."

మామగారు కాటా పక్కన కూలిపోయిన రోజు చినతల్లికి ఇంకా కళ్లముందే ఉంది. "ఏవండీ, ఈ ఒక్క పనైనా మీరే చెయ్యండి" అని అతని చేత ఒట్టు వేయించుకుంది.

ఒట్టు రెండు రోజులు నిలబడింది. మూడో రోజు పొద్దున నూకరాజు కొండ మొదట్లోనే చతికిలబడ్డాడు. అక్కడ అతనికొక ఆలోచన వచ్చింది. నిరుడు శని బాగాలేదంటే శాస్త్రిగారు వచ్చి అతని బదులు జపం చేశారు. చివర్న నీళ్లొదిలి జపఫలం ధారపోశారు. బేరాలు బాగుపడ్డాయి. శనిదేవుడినే ఇంకొకరి చేత శాంతింపజేయగా లేనిది, ఈ పొట్ట ఒక లెక్కా? తిన్నగా శాస్త్రిగారింటికి వెళ్లి అడిగాడు.

"గ్రహానికైతే చేస్తాను బాబూ. ఒంటికి వకాల్తా చెల్లదు" అని ఆయన తలుపు వేసుకున్నారు.

నూకరాజు ఊరుకుంటాడా? వాళ్లింట్లోనే కొండబాబు అని ఒకడుండేవాడు. వేలు విడిచిన మేనత్త కొడుకు. తల్లిని పల్లెలో వదిలి, బావ పంచన చేరి, చెప్పిన పనల్లా చేసేవాడు. కాదనడం తెలియని మనిషి.

"ఒరే కొండబాబూ, నా బదులు నువ్వు కొండెక్కాలి. నా అంబలి నువ్వు తాగాలి. ఒక మండలం పాటు" అన్నాడు నూకరాజు.

"నానెక్కితే నీ పొట్టెలాగ తగ్గుద్ది బావా?"

"దానికో పద్ధతుందిలే. నూతి దగ్గరికి రా."

శాస్త్రిగారు ఆనాడు ఎవరి చేతిలో నీళ్లొదిలారో నూకరాజుకి గుర్తులేదు. అప్పుడతని ధ్యాసంతా గారెల మీద ఉంది. అసలైతే ఫలం పుచ్చుకునేవాడు చెయ్యి చాపాలి, ఇచ్చేవాడు నీళ్లొదలాలి. కానీ ఒకడి ముందు చెయ్యి చాపడం నూకరాజుకి పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. అందుకని కొండబాబు చేత చెయ్యి చాపించి, తనే చెంబు వంచాడు.

"ఈ ఒంటి కష్టమంతా ఇవాళ్టినుంచి నీది" అన్నాడు.

అప్పుడే తోడిన నూతి నీళ్లు. కానీ కొండబాబు దోసిట్లో పడేసరికి గోరువెచ్చగా ఉన్నాయి. అతను నాలిక చివర ఆనించి చూశాడు. "బావా, ఉప్పగున్నాయి. సెమట లాగున్నాయి" అన్నాడు. నూకరాజు నవ్వేసి, లోపలికి పోయి పూర్ణాలు తిన్నాడు.

మర్నాటినుంచి కొండబాబు చీకటి విడకముందే కొండెక్కేవాడు. దిగి వచ్చి దండీలు, బస్కీలు తీసేవాడు. ఎవరూ చూడకపోయినా ఒక్క మెట్టు ఎగ్గొట్టేవాడు కాదు. నూకరాజు మధ్యాహ్నం కొట్లో బెల్లం కాటా మీద ఎక్కి చూసుకునేవాడు. ముల్లు దిగుతోంది! పొట్ట ఉన్నచోటే ఉంది, పంచె అదే ముడికి వస్తోంది, కానీ ముల్లు మాత్రం రోజురోజుకీ దిగుతోంది.

"చూశావా, కాటా అబద్ధమాడుతుందా?" అని చినతల్లితో గొప్పలు పోయాడు.

ఆమె బియ్యం చేటలోంచి తలెత్తలేదు. వినలేదేమో అనుకున్నాడు.

తర్వాత చీమల సంగతి గమనించాడు. బెల్లం వ్యాపారి చేతికి చీమలు పట్టకుండా ఉండవు. ఇప్పుడు దిమ్మ ముక్క పుచ్చుకున్న అతని వేళ్ల దాకా బారుగా వచ్చి, అక్కడేమీ లేనట్టు వెనక్కి తిరిగిపోతున్నాయి. ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు. తీపి తెలియలేదు. ఇంకోటి వేసుకున్నాడు. మట్టి కూడా కాదు, ఏమీ కాదు.

ఆ సాయంత్రమే గుమస్తా గల్లాపెట్టె ముందుకొచ్చి, అతని మొహంలోకే చూస్తూ, "అయ్యగారు ఇవాళ రానట్టున్నారే" అని కళాసీలతో అన్నాడు. "ఇక్కడే ఉన్నానురా!" అని నూకరాజు అరిచాడు. ఎవరూ తల తిప్పలేదు.

పరుగున ఇంటికొచ్చాడు. వీధరుగు మీద కూర్చున్నవాణ్ణి చూసి ఆగిపోయాడు. మొహం కొండబాబుదే. కానీ ఆ భుజాలు, ఆ కాళ్లు ముడుచుకునే తీరు, పెళ్లినాటి ఫొటోలో తనవి. చినతల్లి ఒకే కంచం తెచ్చి వాడి ముందు పెట్టి, "తినండి, అంబలి చల్లారిపోతోంది" అంది. తమ్ముడూ అని పిలిచే మనిషిని "తినండి" అంది! కొండబాబు కంచం ముట్టుకోకుండా లేచిపోయాడు.

తెల్లారి చినతల్లి కళ్లాపి జల్లి లోపలికెళ్లింది. నూకరాజు కావాలనే ఆ తడిలో అటూ ఇటూ తొక్కాడు. ఒక్క అడుగూ పడలేదు. అప్పుడే కొండ దిగి వచ్చిన కొండబాబు వాకిలి దాటాడు. అతని వెనక, ముగ్గు నడిమధ్యన, వంకరవేలి ముద్ర పడింది.

నూకరాజు కొట్టుకి పోయి కాటా ఎక్కాడు. ముల్లు కదలలేదు. తండ్రి కూలిపోయిన చోటు పక్కనే ఉంది. ఆయన పోయినప్పుడు కనీసం ఏడవడానికి ఒక శవమైనా మిగిలింది. తను పోతే ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఆ మాట తోచేసరికి అతనికి ఏడుపొచ్చింది. కంట్లోంచి నీళ్లు రాలేదు.

తిరిగొచ్చేసరికి నూతి గట్టు మీద కొండబాబు తలపట్టుకుని ఉన్నాడు. ఊరందరిలోకీ ఇంకా నూకరాజును చూడగలిగింది అతనొక్కడే.

"బావా, నిన్న మాయమ్మని సూడ్డానికెల్లేను" అన్నాడు. "'ఎవురు బాబూ నువ్వు, మా కొండబాబుగాడు పంపేడా?' అనడిగింది. అమ్మే నన్ను పోల్చుకోనేదు. నాకీ ఒల్లొద్దు బావా. నీది నువ్వట్టుకుపో."

ఈసారి నూకరాజు చెయ్యి చాపాడు. కొండబాబు చెంబు వంచాడు. నీళ్లు అరచేతిలో నిలవలేదు. చెయ్యి అక్కడ లేనట్టే కిందికి జారి మట్టిలో ఇంకిపోయాయి. మళ్లీ పోశాడు, మళ్లీ జారిపోయాయి.

నూకరాజుకి ఆనాటి మాట గుర్తొచ్చింది. ఉప్పగున్నాయి, సెమట లాగున్నాయి. ఆ రోజు మొదలు తనకి ఒక్క చుక్క చెమట పట్టలేదు. చేతులారా ఒలకబోసుకున్నది అదే.

"రేపట్నుంచి నువ్వు కొండకి వెళ్లకు. మీ అక్కకి నేను వేసిన ఒట్టు నాది" అన్నాడు.

బరువు లేనివాడికి ఎక్కడం తేలికే అనుకుంటాం. కాలు ఆనితే కదా ఎక్కేది! గాలి వీస్తే నూకరాజు మెట్టు మీంచి పక్కకి తూలిపోయేవాడు. మెట్ల పక్క ఇనప కమ్మీని రెండు చేతులా వాటేసుకుని, మెట్టు మెట్టుకీ కాలు బలవంతాన అదిమి నిలబడేవాడు. ఎదురొచ్చేవాళ్లు తప్పుకునేవాళ్లు కాదు. వాళ్లు అతనిలోంచి నడిచిపోతుంటే ఒళ్లంతా జివ్వుమనేది. ఇంటికొచ్చి, కొండబాబు దాచి ఉంచిన చోడి అంబలి తాగేవాడు. దానికి రుచీ లేదు, ఆకలీ లేదు. అయినా గిన్నె ఖాళీ చేసేవాడు. అలమారలో పూర్ణాలుండేవి. వాటికీ రుచి లేదని తెలిసినా చెయ్యి అటు పోయేది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కునేవాడు. చూసే దిక్కు లేదు, మెచ్చే దిక్కు లేదు. అయినా ఒక్క పూటా మానలేదు.

అలా ఎన్నాళ్లు ఎక్కాడో అతనికే తెలియదు. ఒకనాడు పైమెట్టు దగ్గర రొమ్ములో ఏదో కదిలింది. ఆయాసం! పిక్కలు లాగాయి. నుదుటి మీంచి ఏదో జారి రాతి మెట్టు మీద టప్పున పడింది. రూపాయి కాసంత నల్లటి తడి మచ్చ. నూకరాజు దాని పక్కనే కూలబడి, వేలితో తాకి, నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. బెల్లం బజారుకి రాజైనవాడికి పుట్టి ఎన్నడూ ఏదీ అంత రుచిగా తగల్లేదు.

ఆనాటినుంచి చుక్కలు చారలయ్యాయి. మొదట ఒక చీమ అతని వేలు కుట్టింది. తర్వాత కొండమీద ఒక ముసలమ్మ, "కాస్త జరుగు బాబూ" అంది. మధ్యాహ్నం కాటా ఎక్కితే ముల్లు పైకి లేచింది. బరువు పెరిగిందని గంతులేసిన లావుపాటి మనిషిని అనకాపల్లి అదివరకు చూసి ఉండదు.

ఒకనాటి పొద్దున కొండ దిగి వచ్చి, ఆత్రంలో చూసుకోకుండా వాకిట్లోకి అడుగుపెట్టాడు. లోపలినుంచి చినతల్లి చేట పుచ్చుకుని వచ్చింది. కింద చూసింది. ముగ్గు నడిమధ్యన వంకరవేలి ముద్ర.

"ఆరేదాకా ఆగలేరూ? కాళ్లు కడుక్కుని తగలడండి, అంబలి పోస్తాను" అంది.

నూకరాజు ఆ తిట్లు వింటూ వాకిట్లో నిలబడి భోరున ఏడ్చాడు. ఈసారి కంట్లోంచి నీళ్లొచ్చాయి. అరుగు మీద కొండబాబు తన కాలివేళ్లు తడుముకున్నాడు. అన్నీ తిన్నగా ఉన్నాయి. బావకి చెప్పకుండానే తల్లి దగ్గరికి పరుగెత్తాడు. ఆమె వీధి చివర్నుంచే, "ఒరే కొండబాబూ" అని పిలిచింది.

నూకరాజుకి నలభై తొమ్మిది వచ్చింది, వెళ్లింది, యాభై కూడా దాటింది. పొట్ట నిజంగానే తగ్గింది. అయినా అతను కొండెక్కడం మానలేదు. పైమెట్టు మీది ఆ నల్లటి మచ్చ ఎంత ఎండ కాసినా ఆరదని, పొద్దున్నే వెళ్లేవాళ్లు దాన్ని తొక్కకుండా పక్కనుంచి దాటుతారని చెప్పుకుంటారు.

నీతి: మన ఒంటి కోసం మన చెమటే ఓడ్చాలి; ఆ కష్టాన్ని ఇంకొకరికి ధారపోస్తే ఒళ్లూ దాని వెంటే వెళ్లిపోతుంది.