సుంకులమ్మ పాటలో మూడు దెబ్బలు

ఊ కొడితే చెబుతాను. కొట్టకపోయినా చెబుతాను. కొడితే ఇంకాస్త బాగా చెబుతాను.

మీ తాతకు తాత పాలపళ్ళతో ఉన్న కాలంలో, ఎర్రమట్టి పల్లెల్లో బావులు తవ్వి బతికే గిడ్డయ్య, అతని పెళ్ళాం సుంకులమ్మ ఉండేవాళ్ళు. గిడ్డయ్య లోపల తవ్వేవాడు. సుంకులమ్మ ఒడ్డున నిలబడి మోకుతో మట్టితట్టలు లాగేది. లాగుతూ పాడేది.

ఆ గొంతు సంగతి ఏమని చెప్పను? దాన్ని విన్నాక కాకులకు తమ గొంతు మీద నమ్మకం పెరిగింది. గాడిదలు చెవులు వాల్చుకున్నాయి.

అయినా పాడాల్సిందే. బావి పనివాళ్ళ కట్టుబాటు అది. పైన పాట వినబడుతుంటే మోకు గట్టి చేతిలో ఉన్నట్టు. పాట ఆగితే మోకు జారినట్టు. లోపలివాడు చప్పున గోడ వారకు తప్పుకోవాలి.

మోకు నా చేతిలో ఉంది మావో,
తట్ట నిండా మన్నెత్తు మావో,
ఉన్నావా మావో?

అనేది సుంకులమ్మ. ఠంగు, ఠంగు, ఠంగు. గిడ్డయ్య గడ్డపారతో బండ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ఉన్నానని.

ఒక కరువు ఏట ఒక ఊళ్ళో రెడ్డిగారి చేలో బావి మొదలెట్టారు. రెడ్డి తల్లి వచ్చి చెవులు పోతున్నాయి, పాట ఆపమంది. సుంకులమ్మ ఆపలేదు. రెడ్డి భార్య వచ్చి ఉయ్యాల్లో బిడ్డ ఉలిక్కిపడుతోంది, ఆపమంది. ఆపలేదు. చివరికి రెడ్డే వచ్చాడు.

"నీ గొంతుకు పడబోయే నీళ్ళు కూడా పాతాళానికి పారిపోతాయి సుంకులూ. ఆపుతావా, వేరేవాళ్ళను పిలుచుకోనా?"

పని పోతే గంజి పోతుంది. సుంకులమ్మ ఆపింది.

రెండు గుటకలు మింగేంతలో బావి ఒక పక్క నిలువునా కూలింది. ఒడ్డు మీదికి ఎర్రదుమ్ము లేచింది.

ఊరంతా పరిగెత్తుకొచ్చింది. పారలు తెచ్చారు. కానీ ఎటు తవ్వాలి? తప్పు వైపు తవ్వితే మిగిలింది కూడా కూలుతుంది. ఆడవాళ్ళు శోకాలు మొదలెట్టారు.

"ఏడుపులు ఆపండి. నన్ను విననీయండి," అంది సుంకులమ్మ. అని పాట ఎత్తుకుంది. ఉన్నావా మావో? ఆపి, చెవి నేలకు ఆనించింది. ఏమీ లేదు.

మళ్ళీ పాడింది. ఉన్నావా మావో? ఏమీ లేదు. పోయినోడికి పాటెందుకని ఎవరో గొణిగారు.

మళ్ళీ పాడింది. ఉన్నావా మావో?

ఠంగు. ఠంగు. ఠంగు.

తూర్పు గోడ వైపు నుంచి. అటే తవ్వారు. కాస్త తవ్వడం, పాడడం, ఊపిరి బిగబట్టి వినడం. మూడు దెబ్బలు రెండయ్యాయి. రెండు ఒకటయింది. తర్వాత అదీ లేదు. సుంకులమ్మ గొంతు పూడుకుపోయింది.

అప్పుడు రెడ్డి ఆమె పక్కన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఆపొద్దు తల్లీ. పాడు."

ఆమె పాడింది. దాన్ని పాట అనలేం లెండి. అదే ఊపులో పారలు కదిలాయి. మట్టిలోంచి ముందు గడ్డపార మొన, తర్వాత చెయ్యి బయటపడ్డాయి.

పాట ఆగగానే గోడ వారన పొడుచుకొచ్చిన బండ కిందికి దూరాడట గిడ్డయ్య. మన్ను ఆ బండ మీదే నిలిచిందట. నీళ్ళు తాగించాక అతను అన్న మొదటి మాట: "ఇంక చాలించు పిల్లా. చెవులు పోతున్నాయి."

ఆ పాట బావి నుంచి బావికి పోయింది. కలుపు చేలకు, బండ్ల బాటలకు, తిరునాళ్ళకు పోయింది. ఆ పాట రానివాళ్ళు లేరు.

ఏళ్ళు గడిచి సుంకులమ్మ పండుటాకులా రాలిపోయింది. ఆమెను మట్టిలో పెట్టి జనం ఆ పాటే పాడారు. "ఉన్నావా అవ్వో?" అని ఆగారు. జవాబెవరు చెబుతారు? అప్పుడు ముసలి గిడ్డయ్య వంగి, గడ్డపార తీసుకుని, పక్కనున్న బండ మీద కొట్టాడు. ఠంగు. ఠంగు. ఠంగు.

ఇప్పటికీ ఆ వైపు పెళ్ళి మైకులోనైనా సరే, "ఉన్నావా" దగ్గర పాట ఆగుతుంది. ముసలివాళ్ళు కర్రతో, పిల్లలు పళ్ళెంతో, కొత్త పెళ్ళికూతురు గాజులతో మూడు దెబ్బలు వేస్తారు. అవి పడేదాకా ఎంత గొప్ప పాటగాడైనా నోరు మూసుకుని నిలబడాల్సిందే.