చీటీలు కత్తిరించిన దివాను

కోటలో నలభై గదులకూ నెట్‌వర్క్ వైర్లు లాగి, అన్నిటినీ ఒకే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెకి కలిపింది నూకాలు. ఆమె లాగిన వైరు గోడమీద గీత గీసినట్టుండేది. ఏది ఏ గదిదో తెలిసేలా రెండు కొసలకూ చీటీ కట్టడం ఆమె అలవాటు.

దివాను విరూపాక్షరాయుడు వచ్చి మొహం చిట్లించాడు. "ఈ పేలికలేమిటి? అందమంతా పాడైంది!"

"చీటీ లేకపోతే రేపు కష్టం దొరా."

"నాకే నేర్పుతావా?" అని తనే కత్తెర పట్టి అన్నీ కత్తిరించాడు.

మూడోనాడు ఆస్థాన జ్యోతిష్కుడితో తగవుపడి దివాను రుసరుసలాడుతూ వచ్చాడు. "వాడి వైరు పీకెయ్. లేదా నీ కొలువు పోయినట్టే!"

"ఆ వైరేదో ఇప్పుడెలా తెలుస్తుంది దొరా? తమరే పీకండి. ఎవరిది ఊడితే వాళ్ళే అరుస్తారు. మొదటి అరుపు మహారాజుగారిది కాకుండా చూసుకోండి" అంది నూకాలు.

చాచిన చెయ్యి దివాను చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

ఏ వైరు ఎవరిదో తేల్చుకోడానికి, ఆ సాయంత్రం ఒకటి పట్టుకుని గోడవార పాకుతూ పాకుతూ రాజుగారి గదిలో తేలాడు. వెనకాలే చీటీల బుట్టతో నూకాలు.

"ఏమిటిది?" అన్నాడు రాజు.

"చీటీలు కత్తిరిస్తే వచ్చిన అందం మహారాజా. దివానుగారు గదిగదికీ తిరిగి చూపిస్తున్నారు."