ఎర్రనీటి రంగు

గోదావరి సముద్రంలో కలిసే చోట, మొగపాలెం అనే ఊళ్లో, తెలియనిదాన్ని ఒకరిని అడగడమంటే చచ్చేంత నామోషీ పడే ఎల్లాజీ అనే ఇల్లరికపు అల్లుడు ఉండేవాడు.

అతనిది విశాఖ వైపు సముద్రపు ఒడ్డు. గాలాలకు తగిలించే మెత్తటి ప్లాస్టిక్ ఎరలు పోయడం అతని పని. పాడైపోయిన ఎరలను పోగుచేసి, గిన్నెలో కరిగించి, రంగుపొడి కలిపి, అచ్చుల్లో పోసి, తోకాడించే కొత్త చేపపిల్లలను తీసేవాడు. అతని ఊరి నీళ్లు తేటగా ఉండేవి. అందుకని ఎరను కూడా నీటి రంగులోనే, లేతగా పోసేవాడు. కార్తీకంలో వీరమణిని పెళ్లాడి అత్తవారింటికి వచ్చాడు. గోదావరి వరద ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు. చూడలేదని ఎవరితో అననూ లేదు.

ఆషాఢంలో నూకరత్నం వచ్చింది. ఆమె వీరమణికి పెద్దమ్మ. ఊళ్లో గాలం వేసేవాళ్లందరూ ఆమె మాట మీదే నడిచేవారు.

"ఇదిగో అల్లుడూ, వారంలో వరద వచ్చి ఎర్రనీరు దిగుద్ది. అప్పుడు వల వేస్తే కొట్టుకొచ్చే దుంగలకీ గుర్రపుడెక్కకీ పీలికలైపోద్ది. నీళ్లు తేటపడేదాకా పది పన్నెండు రోజులు ఇరవై ఇళ్లకీ గాలమే దిక్కు. నలభై ఎరలు పోసిపెట్టు. అన్నీ ఎర్రనీటి రంగే" అంది.

ఎర్రనీటి రంగంటే ఏ రంగు? ప్రశ్న గొంతు దాకా వచ్చింది. కానీ అరుగు మీద ఇద్దరు బావమరుదులు వల బాగుచేసుకుంటున్నారు. నవ్వుతారేమోనని దాన్ని మింగేశాడు.

"అదెంత పని అత్తా" అన్నాడు.

"తెలుసుగా?"

"తెలియకేం."

ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

"పెద్దమ్మ ఏ రంగు అడిగింది?" అంది వీరమణి.

"ఎర్రనీటి రంగు."

"అయితే తేలికేగా."

"తేలికే" అన్నాడు ఎల్లాజీ. ఆ రంగు పేరు ఆమె నోటి నుంచి దానంతటదే జారిపడుతుందేమోనని ఆశగా చూశాడు. జారిపడలేదు. 'ఏమిటి' అనడానికి మూడక్షరాలు చాలు. ఆ మూడక్షరాలకే మీసం అడ్డొచ్చింది.

చివరికి తనలో తనే తేల్చుకున్నాడు. తన ఊళ్లో ఎర నీటి రంగులో ఉంటుంది. కాబట్టి ఇక్కడా ఎర్రనీరు ఏ రంగులో ఉంటే ఎరా ఆ రంగులోనే ఉండాలి. మరి ఇంకా రాని ఎర్రనీటిని చూసేదెలా? రేవు పక్కన పాత గోదాము గోడ ఉంది. నిరుటి వరద ఆ గోడ మీద నడుము ఎత్తున మరక వదిలింది. ఎవరూ లేని సమయం చూసి దొంగలా వెళ్లి, ఆ మట్టిని గీరి కాగితంలో పొట్లం కట్టుకొచ్చాడు.

ఆ మట్టికి సరిపోయేలా రంగుపొడి మొదటిసారి కలిపితే మిరపపండులా వచ్చింది. రెండోసారి బెల్లంలా వచ్చింది. మూడోసారి ఇటుకలా వచ్చింది. నాలుగోసారి పోసిన ఎరను గోడకు ఆనించి చూస్తే, ఎర ఎక్కడుందో గోడ ఎక్కడుందో తెలియలేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఇంటికి చేరేలోపే మళ్లీ అనుమానం పట్టుకుంది. ఇదేనా? ఇది కాకపోతే?

వీరమణి అటు వచ్చినప్పుడల్లా గిన్నె మీద పళ్లెం బోర్లించేవాడు.

"ఓసారి చూపించొచ్చుగా."

"పని సగంలో చూస్తే దిష్టి తగులుద్ది."

"ప్లాస్టిక్ చేపకు దిష్టేంటయ్యా" అని నవ్వి, ఆమె చేపలు ఎండబెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

వారం దాటకుండానే ఒక తెల్లవారుజామున నీళ్లు రంగు తిరిగాయి. పడవలు హడావుడిగా కదులుతుంటే ఎల్లాజీ పరుగున వెళ్లి, గట్టిగా ముడివేసిన మూట నూకరత్నం చేతిలో పెట్టాడు. సముద్రపు పోటు మీద పండుగప్ప చేప ఎగబడే వేళ అది. ఆమె మూట విప్పకుండానే పడవెక్కింది.

అప్పుడు అతను నీళ్లకేసి చూశాడు. అచ్చం తన ఎరల రంగే. ఒక్క క్షణం అతని ఛాతీ పొంగింది. జేబులో మిగిలిన ఎరను దారానికి కట్టి నీళ్లలోకి వదిలాడు. జానెడు లోతు దిగిందో లేదో, ఎర మాయమైంది. పైకి లాగితే కనిపించింది. మళ్లీ వదిలితే మళ్లీ మాయమైంది.

గబుక్కున తలెత్తి చూశాడు. పడవలు అప్పటికే మలుపు దాటాయి. అరిచినా వినపడదు. మధ్యాహ్నం దాకా రేవులోనే కూర్చున్నాడు. తెడ్డు చప్పుడైతే లేచేవాడు, పడవ కనిపించకపోతే కూర్చునేవాడు. వీరమణి గంజి తెచ్చిస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

పడవలు తిరిగొచ్చాయి. బుట్టలన్నీ ఖాళీ. నూకరత్నం దిగి మూటను అతని ముందు పెట్టింది.

"నీ చెయ్యి గొప్పదే అల్లుడూ. పక్కన కూర్చుని చూస్తే మాకే కనపడలేదు, ఇంక అడుగున ఉన్న చేపకేం కనపడుద్ది?"

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది అతనికి. తడికి రంగుపొడి చెడిపోయిందని చెబుదామా అనుకున్నాడు. అబద్ధం నాలుక మీద సిద్ధంగా ఉంది. ఎదురుగా ఖాళీ బుట్టలు పట్టుకుని ఇరవై ఇళ్లవాళ్లు నిలబడ్డారు.

"అత్తా, ఎర్రనీటి రంగంటే ఏమిటి?" అన్నాడు.

"నలుపు" అంది నూకరత్నం. "మసిలాంటి నలుపు. బురదనీళ్లలో రంగులు తెలియవు, నీడే తెలుస్తుంది. ఎర్రనీటికి వేసే రంగు కాబట్టి ఎర్రనీటి రంగన్నాం. ఇది ఈ ఊరి మాట, నీకెలా తెలుస్తుంది? అడిగితే చెప్పకపోదునా?"

తమలపాకు నమిలేంత సేపు కూడా పట్టలేదు ఆ జవాబుకు.

నలభై ఎరలనూ మళ్లీ కరిగించాలి. ఇంటింటా కుండల అడుగుల మసి, దీపాల మసి గీకి తెచ్చారు. కానీ వాన పట్టుకుంది. అచ్చులు తడిసిపోయాయి. తడి అచ్చులో పోస్తే ఎర నిండా బుడగలే. వాటిని పొయ్యి పక్కన ఆరబెట్టి పోసేసరికి నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులూ ఇరవై ఇళ్లలో పిల్లలు చింతపండు చారుతో అన్నం తిన్నారు. తొలి ఎర్రనీటితో ఏట్లోకి ఎక్కిన పెద్ద పండుగప్పలు ఎవరికీ దొరక్కుండా పైకి వెళ్లిపోయాయి.

అయిదో రోజున నల్ల ఎరలకు చేపలు పడ్డాయి. అవి చిన్నవే. నూకరత్నం ఎల్లాజీని మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. పొయ్యి మీద చారు కాగుతున్న వాసన తగిలినప్పుడల్లా అతనే చాలా కాలం తలొంచుకుని నడిచాడు.

తెలియదని ఒప్పుకుని అడిగితే పోయేది మన పరువులో ఒక్క క్షణం. తెలిసినట్టు నటిస్తే పోయేది మనల్ని నమ్మినవాళ్ల కంచంలో కూర.