మంచులో కనబడిన లోయ

"మనిషి ఆనందాన్ని కొలవవచ్చునా, గురువుగారూ?" అని అడిగింది హిమజ. విహారయాత్రలకు వచ్చేవాళ్ల మణికట్టుకు పట్టీ కట్టి, గుండె వేగాన్నీ అరచేతి చెమటనూ బట్టి వారి అనుభూతిని లెక్కగట్టడం ఆమె పరిశోధన. ఆమెకు తత్వం బోధించే పరాంకుశం గారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. "రేపు నీ పని చూపించు. నేనూ వస్తాను" అన్నారు.

మర్నాడు ఇద్దరూ తూర్పు కనుమల్లో, లోయ అందాలకు పేరుపడ్డ ఒక కొండకొమ్ముకు వెళ్లారు. ఆ ఉదయం పొగమంచు దట్టంగా కమ్మి, కంచె అవతల ఏమీ కనబడలేదు. వచ్చినవాళ్లు మొహాలు చిన్నబుచ్చుకుని టీ కొట్టు వైపు మళ్లారు. హిమజ చేతిలోని తెరమీద వాళ్ల పట్టీలు పంపే గీతలు చప్పగా సాగుతున్నాయి. రెండు మాత్రం ఉన్నట్టుండి పైకి లేచాయి. అవి సన్యాసిరావు అనే పెద్దాయనవీ, ఆయన భార్య నూకరత్నానివీ. ఆవిడకు చూపు లేదు. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, "అదిగో, కింద ఏరు. ఒడ్డంతా వలిసె పూలు. పసుపు ఆరబోసినట్టుంది" అని చెబుతున్నాడు.

పట్టీలు విప్పడానికి వెళ్లిన హిమజను సన్యాసిరావు పక్కకు పిలిచాడు. "మంచు పట్టిందని ఆవిడతో అనకమ్మా. చూపున్నప్పుడు ఇక్కడికి తీసుకురమ్మని ఎన్నోసార్లు అడిగింది. తీరిక లేదన్నాను. ఎవరైనా పైకి అనేస్తారేమోనని ఇందాకటి నుంచీ గుండె దడదడలాడుతోంది."

ఆయన టీ తేవడానికి వెళ్లాడు. నూకరత్నం చేతి పట్టీ విప్పుతుంటే ఆవిడ మెల్లగా అంది. "అంతా మంచే కదమ్మా? మొహానికి తడి తగుల్తోంది. నాకు తెలిసిందని ఆయనకు చెప్పకు. పెళ్లయ్యాక ఆయన నాతో ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు."

కొండ దిగుతూ హిమజ వాళ్లిద్దరూ అన్న మాటలు గురువుగారికి చెప్పింది. చివరికి, "ఒకరిది భయం, ఒకరిది సంతోషం. తెరమీద రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి, గురువుగారూ" అంది.

పరాంకుశం గారు ఆగారు. "ఆవిడ మాట ఆయనకు చెప్పావా?"

"లేదండీ. చెప్పాలనే అనిపించింది. ఆవిడ మొహం చూసి, పట్టీలు సంచిలో వేసుకుని వచ్చేశాను."

"అప్పుడు నీ చేతికి పట్టీ లేదు కదా. ఉంటే ఆ గీతను భయమని రాసేదానివా, సంతోషమని రాసేదానివా?" అని, ఆయన మళ్లీ నడక సాగించారు.