బస్సు వచ్చేదాకా

హేమలతకి ఆ రోజు ఇంగ్లీషంటేనే విసుగొచ్చింది. తొమ్మిదో తరగతిలో 'స్టాండ్ బై' అంటే అండగా నిలవడం అని బోర్డు మీద రాసింది. ఒక పిల్ల లేచి, "అండగా అంటే ఏం చెయ్యాలి టీచర్?" అంది. సాయం చెయ్యాలని చెప్పింది. "మరి 'హెల్ప్' అంటే సరిపోతుంది కదా?" అంది ఆ పిల్ల. జవాబు తోచక, గంట కొట్టేదాకా పాఠం కాపీ రాయించింది. ఏమీ తోచనప్పుడు టీచర్లు చేసే పని అదే.

బడి అవగానే, చిన్నప్పుడు తనకి ఇంగ్లీషు నేర్పిన కరీముల్లా మాస్టారి ఇంటికెళ్ళి అదే అడిగింది. ఆయనకి డెబ్బై ఆరేళ్ళు. మోకాళ్ళు మాట వినడం మానేసి చాలా కాలమైంది.

ఆయన అర్థం చెప్పలేదు. "ముఖం అలా వేలాడేసుకున్నావేమ్మా?" అన్నారు.

చెప్పేసింది. తోటి టీచరు ఫిలోమిన డ్యూటీలో ఉండగా ఒక పిల్లాడు తడి మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మెట్లు తుడిపించాల్సిన వాళ్ళు తప్పుకుని, తప్పంతా ఆమె మీదకి నెట్టారు. రేపు పదింటికి కమిటీ ముందు విచారణ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. తోడు రమ్మని ఫిలోమిన తనని అడుగుతోంది.

"నేనెళ్ళి ఏం చేస్తాను మాస్టారూ? పిల్లాడు పడ్డ రోజు నేను సెలవు. లోపలికి రానివ్వరు, బయట బల్ల మీద కూర్చోవాలి. నాకసలే ఓపిక లేదు."

బస్సు వేళయిందని ఆమె లేస్తే, మాస్టారు చేతికర్ర తీసుకుని తనూ బయల్దేరారు. వద్దన్నా వినలేదు.

స్టాపులో నీడ లేదు, కూర్చునే చోటూ లేదు. నాలుగున్నర ఎండ ముఖాన కొడుతోంది. పావుగంటయింది, అరగంటయింది. బస్సు జాడ లేదు. మాస్టారి కాళ్ళు వణకడం ఆమెకి కనిపిస్తూనే ఉంది. ఆయన రుమాలుతో మెడ తుడుచుకుంటారు, మళ్ళీ కర్ర మీద ఆనుకుంటారు, అంతే.

"ఇంటికెళ్ళండి మాస్టారూ. మీరు నించుంటే బస్సు ముందొస్తుందా?"

"రాదు," అన్నారాయన. కదల్లేదు.

పొద్దుట్నుంచీ మోస్తున్న బరువు కాస్త దిగినట్టనిపించింది హేమలతకి. అందుకే ఏడుపొచ్చింది.

బస్సెక్కి కిటికీలోంచి చూస్తే ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. బస్సు కదిలాక వెనక్కి తిరిగారు.

ఆమె ఫిలోమినకి ఫోను చేసింది.

"రేపు పదింటికే కదా? తొమ్మిదిన్నరకి మీ ఇంటికొస్తాను."

"నిన్ను లోపలికి రానివ్వరటే," అంది ఫిలోమిన.

"బయట ఉంటాలే."